ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలొస్తే ఈసారి చీపుర్లు ఇయ్యొద్దు

పోస్టు జర పెద్దగైంది. ఇప్పుడు తీరిక లేకుంటే రాత్రి మోటరు పెట్టి గట్టు మీద కూసున్నప్పుడు చదవండి.

ఇంటర్ రిజల్టు వచ్చింది. దోస్త్‌లో డిగ్రీ సీట్ల కోసం పిల్లలు ఫోన్లు పట్టుకొని తిరుగుతున్నరు. మొన్న పెబ్బేరు సంతకు ఎడ్లను చూడనీకి పోతే మన పేజీ చదివే ఒక అన్న కలిసిండు. ఆయన పెద్దకొడుకు పోయినేడు డిగ్రీల చేరిండు. "వాని కాలేజీల ఏదో పర్యావరణం క్లబ్బు ఉన్నదంట. చెరువులు చూసొస్తరంట, ర్యాలీలు తీస్తరంట, క్లైమేటు అంటరంట. చేరనియ్యాల్నా వద్దా? నీ బిడ్డ గూడ అదే తిరుగుడు గదా, నీకు తెలుస్తది" అని అడిగిండు. సంతల నిలబడి చెప్పే ముచ్చట కాదు. "చేరనియ్యి అన్నా" అని ఒక్క మాట అని వచ్చిన. ఆ మాట ఎందుకన్ననో ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే పోయినేడు నేనే మా బిడ్డకు దీనికి ఉల్టా చెప్పిన. రెండు వారాలు ఆమె నాతోని మాట్లాడలే.

జరిగింది చెప్త. మా చిన్నబిడ్డ హైదరాబాద్‌ల పీజీ చదువుతది. 2025 మార్చి 30, ఉగాది పండుగ. ఊర్ల మేము పచ్చడి తాగి, గుడికాడ పంచాంగం వింటున్నం. ఈ ఏడు భూమ్మీద వాన ఎన్ని పాళ్ళు, సముద్రం మీద ఎన్ని పాళ్ళు అని అయ్యగారు చదువుతున్నడు. అదే పండుగ పూట హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిల జేసీబీలు దిగినయి. 400 ఎకరాలు. భూమి మాది, ఐటీ కంపెనీలకు ఇస్తం అని సర్కారు. అది అడవి, జింకలు, నెమళ్ళు, చెరువులు ఉన్నయి, నరకొద్దు అని పిల్లలు. అడ్డం పోయినోళ్ళను పోలీసులు వ్యాన్లల్ల ఎక్కించిండ్రు. మా బిడ్డ చదివేది ఆ యూనివర్సిటీల కాదు, వేరే దాంట్ల. కాని దోస్తులతోని కలిసి మద్దతు అని పోయింది. ఆ ముచ్చట ఆమె చెప్పలే. వాట్సప్ స్టేటస్ చూసి మా అన్న కొడుకు చెప్పిండు.

ఫోన్ చేసి ఇష్టమొచ్చినట్టు మాట్లాడిన. పల్లి అమ్మిన పైసలు హాస్టల్ ఫీజు కట్టింది ఇందుకేనా అన్న. కేసైతే నౌకరీ వస్తదా, పాస్‌పోర్టు వస్తదా అన్న. ఇంకో మాట గూడ అన్న, అదే నాకు ఎక్కువ యాదున్నది. "హైదరాబాద్ల 400 ఎకరాలకే ఇంత లొల్లి చేస్తున్నరు గదా, మన దిక్కు ఎన్ని ఊర్లు మునిగినయి? 1981ల శ్రీశైలం నీళ్ళు ఎక్కినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ తాలూకాల ఊర్లకు ఊర్లు పోయినయి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టిండ్రు, మనుషులను మాత్రం గట్టు మీద విడిచిపెట్టిండ్రు. అప్పుడు ఏ యూనివర్సిటీ పిల్లలొచ్చిండ్రు?"

ఆమె చాలాసేపు ఏమనలే. తర్వాత "అప్పుడు ఆ ఊర్లల్ల నుంచి యూనివర్సిటీకి పోయినోళ్ళు ఎంతమంది ఉన్నరు నాయినా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలే. ఆమె అన్నది లెక్క పెట్టి చూసిన. మా తాత కాలంల ఊర్ల సంతకం పెట్టేటోళ్ళు పది మంది లేరు. మా నాయిన కాలంల మేస్త్రి వెంబడి బొంబాయికి, భీమండికి వలసపోయిండ్రు. పాలమూరు లేబర్ అంటే దేశమంత తెల్సు గదా. మా ఈడు వచ్చేసరికి పదో తరగతి దాకా వచ్చినం. గద్వాల దిక్కు అయితే సీడ్ పత్తిల క్రాసింగ్ పనులకు పిల్లలను బడి మానిపించి తీసుకపోయిన రోజులు మనం చూసినయే. ఇట్లాంటి ఇండ్లల్ల నుంచి పిల్లలు యూనివర్సిటీ మెట్లు ఎక్కుతున్నది ఇప్పుడే. వాళ్ళు మాట్లాడుడు నేర్చుకుంటుంటే మొదలు నోరు మూయించింది నేను.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ చెట్లు నరుకుడు ఆపమన్నది. కోర్టు పంపిన అధికారి పోయి చూస్తే అప్పటికే వంద ఎకరాల దాకా సాఫు అయ్యింది. ఆ వంద ఎకరాలల్ల అడవిని మళ్ళ ఎట్ల పెంచుతరో ప్లాన్ చెప్పమని అదే నెల 16న కోర్టు సర్కారును అడిగింది. భూమి ఎవరిది అనే పంచాయితీ వేరు, నేను దాంట్లకు పోను. పిల్లలు లొల్లి చెయ్యకుంటే ఈ ముచ్చట కోర్టు దాకా పోయేది కాదు, అంతవరకే నా మాట.

అయినా కొంతమందికి ఇది పట్నం పిల్లల షోకు అనిపిస్తది. నాకు గూడ అనిపించింది. మరి అమ్రాబాద్ ముచ్చట యాది చేసుకోండి. 2019ల నల్లమలల యురేనియం కోసం బోర్లు వేసి వెతుకుతమని కేంద్రం దిక్కు నుంచి ఫైలు కదిలింది. అమ్రాబాద్ పులుల అడవిల, నల్లగొండ దిక్కు కొంత కలిపి, 83 చదరపు కిలోమీటర్లు, నాలుగు వేల బోర్లు. చెంచు పెంటలు, అమ్రాబాద్, పదర, మన్ననూరు జనం అందరు రోడ్డెక్కిండ్రు. కింద కృష్ణ ఉన్నది, డిండి ఉన్నది, ఆ నీళ్ళు తాగేటోళ్ళు హైదరాబాద్ల గూడ ఉన్నరు. అప్పుడు ఊరోళ్ళ లొల్లికి యూనివర్సిటీల పిల్లలు, డాక్టర్లు, రచయితలు, సినిమా వాళ్ళు అందరు గొంతు కలిపిండ్రు. సెప్టెంబరు 16న అసెంబ్లీల వద్దని తీర్మానం అయ్యింది. అచ్చంపేట దిక్కు అన్నలు ఈ పేజీల చాన మంది ఉన్నరు. ఆ దినాలల్ల హైదరాబాద్ నుంచి బస్సు దిగిన పిల్లలకు అన్నం పెట్టిన ఇండ్లు మీవే. అప్పుడు వాళ్ళు మనకు మంచి పిల్లలు. మన బిడ్డ ఇంకొకరి అడవి కోసం పోతే చెడ్డ బిడ్డ. ఇదెక్కడి న్యాయం అని నన్ను నేనే అడుక్కున్న.

కేసుల భయం ఉత్తదని మాత్రం చెప్పను. 2025 జూన్‌ల రాజోలి మండలం పెద్ద ధన్వాడల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని లేచిన రైతుల మీద కేసులైనయి, జైలుకు గూడ పోయిండ్రు. మన కండ్ల ముందటి సంగతే. చదువుకునే పిల్లకు కేసు అంటే పదేండ్ల కష్టం గాలికి పోయినట్టే. అందుకే మా ఇంట్ల ఒక ఒప్పందం చేసుకున్నం. ఎక్కడికి పోయినా ముందు చెప్పి పోవాలె. రాయి పట్టేటోళ్ళ పక్కన నిలబడొద్దు. పరీక్ష ఇడిచి పోవద్దు. తిట్టకుంట ఇంటా అని నేను మాటిచ్చిన. ఆమె మూడింటికి ఒప్పుకున్నది, పరీక్ష ముచ్చట మీద మాత్రం "చూస్త" అన్నది. ఇంకా తెగలే.

కాలేజీలల్ల పర్యావరణం పని అంటే ధర్నాలే అనుకునేరు. అది నూటికి ఒక పాలు గూడ కాదు. చదువుల పర్యావరణం పాఠం తప్పకుంట ఉండాలని సుప్రీంకోర్టు 1991లనే చెప్పింది. డిగ్రీ పిల్లలకు ఆ పేపరు ఇప్పటికీ ఉన్నది, పాస్ కావాలె. ఎన్‌ఎస్‌ఎస్ అయితే 1969ల గాంధీ నూరేండ్ల పండుగ నాడు మొదలైంది. దాంట్ల చేరిన పిల్ల రెండేండ్లల్ల 240 గంటలు పని చెయ్యాలె, ఒక ఊరికి పోయి ఏడు రోజుల క్యాంపు ఉండాలె. ఇది గాక ఎకో క్లబ్బులు, మొక్కలు నాటుడు, ప్లాస్టిక్ ఏరుడు, క్యాంపస్‌ల కరెంటు లెక్క, నీళ్ళ లెక్క చూసుడు. వ్యవసాయ డిగ్రీ చదివే పిల్లలకైతే రావెప్ అని ఆఖరు సంవత్సరంల ఊర్లల్ల ఉండి రైతు వెంబడి తిరిగే చదువు ఉన్నది. మన బిజినేపల్లి పక్కన పాలెం కాలేజీ పిల్లలు అట్లనే వస్తరు.

ఇగ ఇండ్ల లోపాలు గూడ చెప్పాలె. నాకు అన్నిటికంటే నవ్వొచ్చేది జూన్ 5. ప్రపంచ పర్యావరణ దినం అని ప్రతి కాలేజీల ఆ రోజు మొక్కలు నాటుతరు. ఆ తేదీ ఎట్లొచ్చింది? 1972ల స్వీడన్ దేశంల స్టాక్‌హోంల పర్యావరణం మీద పెద్ద సభ మొదలైన రోజు అది. స్టాక్‌హోంల జూన్ 5 ఎట్లుంటదో గాని మన దగ్గర రోహిణి కార్తె. రోకళ్ళు పగిలే ఎండ. మృగశిర ఇంకా రెండు మూడు రోజులు ఉంటది, వచ్చినా వాన వస్తదని గ్యారంటీ లేదు. ఆ ఎండల ప్రిన్సిపాల్, లీడర్లు నిలబడి ఫోటో దిగి మొక్క పెడుతరు. వెనుక "ప్లాస్టిక్ వాడొద్దు" అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ. మూడో రోజు మొక్క మాడిపోతది, వచ్చే ఏడు అదే గుంతల ఇంకో మొక్క. మన పిల్ల ఒక్కతి ఆ క్లబ్బుల ఉంటే "సార్, నేల నానినంక ఆరుద్రల పెడుదం, అప్పటిదాక గుంతలు తీసి పెంటెరువు ఏసి పెడుదం" అని చెప్తది. ఆ మాట చెప్పనీకి పీహెచ్‌డీ అక్కరలేదు, రైతు ఇంట్ల పుడితే చాలు. మన పిల్లలు ఆ పనులల్ల ఉండాలనేది ఇందుకే. అక్కడ నేర్చుకునేది ఎంతనో, చెప్పేది గూడ అంతే ఉన్నది.

ఇంటికొచ్చి మనకు చెప్పే సంగతులు గూడ ఉంటయి, అవి వినబుద్ది కావు. పోయిన వానాకాలం మా బిడ్డ సెలవులకొచ్చి "నాయినా, వరి మడి నుంచి మీథేన్ పుడతది, దానితోని భూమి వేడెక్కుతది" అన్నది. నాకు కాలింది. కార్లు తోలేటోళ్ళు, ఏసీలు పెట్టుకునేటోళ్ళు మంచిగున్నరు, అన్నం పండించేటోడు భూమిని కాల్చుతున్నడా అన్న. ఆమె తగ్గలే. "గోబర్ గ్యాసుల పొయ్యి మండించేది అదే గ్యాసు గదా. పేడ గాలి తగలకుంట తొట్టిల నానితే ఎట్ల పుడతదో, నిండ నీళ్ళు నిలబెట్టిన మడిల గాలి ఆడని బురదల గూడ అట్లనే పుడతది" అన్నది. గోబర్ గ్యాసు ముచ్చట తీసేసరికి నాకు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలే, అది వేరే సంగతి.

మరుసటి దినం జానెడు మీద కొంచెం పొడుగున్న ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి, కింది సగానికి బొక్కలు కొట్టి, బోరు కింది మడిల పాతింది. పైపుల మట్టి తీసేసింది. పైపు లోపల నీళ్ళు మడి మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాక మోటరు పెట్టొద్దని షరతు. ఫిలిప్పీన్స్‌ల ఉన్న వరి పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి ఇది. మన దగ్గర తడి పొడి పద్ధతి అంటున్నరు. నీళ్ళు 30 శాతం దాకా మిగులుతయని వాళ్ళ లెక్క. నాటేసిన రెండు వారాల నుంచి మొదలు పెట్టాలె, పూతకొచ్చే ముందు, పూత మీద ఉన్నప్పుడు మాత్రం నీళ్ళు తగ్గనియ్యొద్దు. నేను సగం ఎకరంల చేయనిచ్చిన, సగం ఎకరం నా ఇష్టం వచ్చినట్టు నింపిన. మా ఇంటామె అయితే నెర్రెలు పడ్డ మడి చూసి మూడు రోజులు నన్ను తిట్టింది, బిడ్డను ఏమనలే. మోటరు పెట్టని దినాలల్ల క్యాలెండరు మీద బిడ్డ గీతలు కొట్టి పోయింది, పోయినంక నేను కొట్టిన. కోతల కాడ రెండు సగాల వడ్లకు తేడా నాకు కనపడలే. గీతలు మాత్రం చాన ఉండె. గడ్డి మాత్రం ఎక్కువ మొలిచింది, కలుపుకు కూలి ఎక్కువైంది, అది గూడ చెప్తున్న. ఈసారి ఎకరం మొత్తం చేస్తనా అంటే ఇంకా ఆలోచన చేస్తున్న. జూరాల కాలువ కింద అయితే నీళ్ళు వారబందీ లెక్కన వస్తయి, మన చేతిల ఉండవు. వాళ్ళకు ఈ పద్ధతి ఎంతవరకు కుదురుతదో ఆ దిక్కు అన్నలే చెప్పాలె.

ఇగ అసలు ముచ్చట, చీపుర్ల ముచ్చట. రెండేండ్ల కింద మా ఊరికి ఒక కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు వచ్చింది. యాభై మంది పిల్లలు బడిల ఏడు రోజులు ఉన్నరు. పెద్దమనుషులందరం కూసొని ఏం పని చెప్పాలె అని ఆలోచన చేసినం. బొడ్రాయి కాడి నుంచి బస్టాండు దాక ఊడ్వమన్నం. బడి గోడలకు సున్నం ఏయమన్నం. కంప చెట్లు కొట్టమన్నం. ఆఖరు నాడు శాలువాలు కప్పి పంపినం. పదిహేను దినాలల్ల రోడ్డు మళ్ళ అట్లనే అయ్యింది. డిగ్రీ చదివే యాభై మంది, లెక్కలొచ్చినోళ్ళు, కెమిస్ట్రీ చదివినోళ్ళు, ఫోన్ల మ్యాపులు చూడనీకి వచ్చినోళ్ళు, ఏడు రోజులు మన చేతికి వస్తే మనం వాళ్ళకు ఇచ్చింది చీపుర్లు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళు ఏం చెయ్యాలె అని మనల్నే అడిగిండ్రు.

ఏం అడగాల్సి ఉండెనో ఇప్పుడు తెలుస్తున్నది. మొదటిది నీళ్ళు. ఊర్ల ఎన్ని బోర్లున్నయి, ఎన్ని ఫీట్లకు ఏసిండ్రు, ఎన్ని ఎండినయి, ఏ ఏడు ఎండినయి, పాత బాయిలల్ల నీళ్ళు ఎంత లోతుల ఉన్నయి, ఇవి ఇల్లిల్లు తిరిగి రాసుకొని ఊరి మ్యాపు మీద పెట్టుడు. తాడుకు రాయి కట్టి బాయిల ఇడిచి కొలుస్తే సాలు. అదే బాయిని మేల ఒకసారి, వానలు వెనుకపట్టినంక నవంబర్ల ఒకసారి కొలిస్తే వాన ఎంత ఇంకిందో తెలుస్తది. ఈ లెక్క ఊర్ల ఉంటే పక్కోడు ఎనిమిది వందల ఫీట్లు ఏసిండని మనం తొమ్మిది వందలు ఏసి అప్పులపాలయ్యే ముందు ఒక్కసారి ఆలోచన చేస్తం.

రెండోది భూసార కార్డు. 2015ల ఆ పథకం మొదలైంది, చాన మందికి కార్డులు ఇచ్చిండ్రు. దాంట్ల 12 రకాల పరీక్షల ఫలితాలు ఉంటయి. నా కార్డు ఎక్కడున్నదో మా ఇంటామెకు తెలుసు, బియ్యం డబ్బా కింద. దాంట్ల ఏమున్నదో ఇద్దరికీ తెల్వది. కెమిస్ట్రీ పిల్ల ఒక్కతి అరుగు మీద కూసొని ఒక్కొక్కరి కార్డు చదివి "బాబాయ్, నీ చేన్ల భాస్వరం మస్తుగున్నది, డీఏపీ ఎందుకు ఏస్తున్నవు" అని చెప్తే, ఒక్క పూటల ఊరికి ఎన్ని బస్తాల పైసలు మిగులుతయో లెక్క ఏసుకోండి.

మూడోది వాన, నాకు ఎక్కువ తగిలిన దెబ్బ గూడ ఇదే. రెండేండ్ల కింద జూన్‌ల ఒక రాత్రి మంచి వాన పడ్డది. పొద్దుగాల పోయి చేన్ల ఏలు గుచ్చి చూసిన, తడి ఉన్నది. అందరికంటే ముందు పెడుదమని నాలుగెకరాలు పత్తి పెట్టిన. తర్వాత పదిహేడు దినాలు మబ్బు తప్ప చుక్క లేదు. మొలకలు మాడినయి. మళ్ళ గింజలు, మళ్ళ కూలీలు. పత్తి ప్యాకెటు 2025ల 901 రూపాయలు, ఎకరానికి రెండు ప్యాకెట్లు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డంకనే పత్తి పెట్టమని వ్యవసాయం సార్లు ప్రతి ఏడు చెప్తనే ఉంటరు. మనం గూడ తల ఊపుతం. కాని మన చేన్ల ఎన్ని మిల్లీమీటర్లు పడ్డదో మనకెట్ల తెలుస్తది? వాన లెక్క చెప్పే యంత్రం మండలంల ఎక్కడనో ఉంటది. అక్కడ కొట్టిన వాన మన దగ్గర కొట్టదు, ఎద్దు ఈ కొమ్ము తడిస్తే ఆ కొమ్ము తడవదు అని మనమే అంటం గదా. ఏలుకు తగిలిన తడి చూసి నేను ఏడెనిమిది వేలు భూమిల పోసుకున్న.

మా బిడ్డ చెప్పిన లెక్క ఇది, మీరు గూడ యాది పెట్టుకోండి. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరం మీద నాలుగు వేల లీటర్లకు పైన నీళ్ళు. 60 మిల్లీమీటర్లంటే రెండు లక్షల నలభై వేల లీటర్లు. పెద్ద ట్యాంకరు పది వేల లీటర్లు అనుకుంటే ఎకరానికి 24 ట్యాంకర్లు. ఈ లెక్క విన్నంక "ఒక గట్టి వాన" అనే మాటకు నా దగ్గర ధర తగ్గింది. కొలిచేదానికి పెద్ద సామాను గూడ అక్కరలేదు. పై నుంచి కింది దాక ఒకే వెడల్పు ఉన్న డబ్బా, అడుగు సాపుగ ఉన్నది, చెట్టు కింద గాని చూరు కింద గాని కాకుంట బయట పెట్టాలె. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు పెట్టి ఎంత ఎత్తు నీళ్ళున్నయో చూసి రాసుకొని పారబోయాలె. వాతావరణ శాఖోళ్ళు గూడ ఎనిమిదిన్నరకే చూస్తరు, 2.5 మిల్లీమీటర్లు దాటితేనే దాన్ని వాన పడ్డ దినం అని లెక్క పెడ్తరు.

నడిగడ్డ అన్నలకు ఇంకొక్క ముచ్చట. 2009 మీకు నేను యాది చెయ్యనక్కరలేదు. ఆ ఏడు ఆగస్టు దాక వానల్లేక చేన్లు మాడినయి. అక్టోబరు మొదటి వారంల తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగి రాజోలి, అలంపూర్ మునిగినయి. ఒక్క పంట కాలంల కరువు, వరద రెండూ. మన ముసలోళ్ళు అది దేవుని కోపం అనిండ్రు, పిల్లలు ఇప్పుడు దానికి వేరే పేరు చెప్తున్నరు. పేరు ఏదైనా, ఆ ఏడు ఏ ఊర్ల ఏ దినం ఎంత పడ్డదో ఊరోళ్ళు రాసి పెట్టుకున్న కాగితం నాకైతే ఎక్కడా కనపడలే. పరిహారం కోసం పోయినప్పుడు ఆఫీసరు అడిగేది కాగితమే.

అందుకే దోస్త్‌లో పిల్లలకు సీటు వచ్చినంక ఫీజు, హాస్టలు, బస్సు పాసు తోపాటు ఇంకో ముచ్చట గూడ అడిగి తెలుసుకోండి. ఆ కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఉన్నదా, ప్రోగ్రాం ఆఫీసర్ ఎవరు, క్యాంపుకు ఏ ఊర్లు తీసుకుంటరు. పాలమూరు యూనివర్సిటీ కింద గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ల చదివే పిల్లలు ఉంటే మన ఊరి పేరు పెట్టించమని వాళ్ళతోనే చెప్పియ్యండి. సర్టిఫికెట్ ఇస్తమని పైసలు అడిగే సంఘాల దగ్గరికి మాత్రం పోనియ్యొద్దు, పర్యావరణం పేరు మీద ఆ దుకాణాలు గూడ మొదలైనయి.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలె. క్యాంపు అంటే ఏడు రాత్రులు బయట ఉండాలె అని మనం వెనుకకు గుంజుతం. నేను గూడ గుంజిన. క్యాంపు ఎక్కడ, ఎంట లేడీ మేడం ఉన్నదా, పండుకునే కాడ బాత్రూం ఉన్నదా అని అడగండి, తప్పు లేదు, గట్టిగనే అడగండి. మంచిగున్నదని తెలిస్తే పంపండి. మన ఊరికి క్యాంపు వచ్చినప్పుడు ఆ వసతి మనం చూసుకుంటే, వేరే ఊరోళ్ళు మన బిడ్డకు చూసుకుంటరు.

పాలెం పిల్లలు రావెప్‌కు వచ్చినప్పుడు గూడ టీ తాపిచ్చి పంపుడు కాదు, చేన్లకు తీసుకపోండి. పాలెం కంది రకాలు, పాలెం ఆముదం వాళ్ళ స్టేషన్ల నుంచే వచ్చినయి. తక్కువ దినాల కంది ఉజ్వల, పీఆర్‌జీ 176, మీ నేలకు పనికొస్తదా అని వాళ్ళను అడగండి. తెల్వకపోతే వాళ్ళ సారును అడిగొస్తరు. పరీక్షల రాసే దానికంటే రైతు అడిగిన దానికి జవాబు తెచ్చేటప్పుడు వాళ్ళు ఎక్కువ చదువుతరు. పోయినసారి మా ఇంటికొచ్చిన పిల్ల నేను అడిగిన ఒక పురుగు పేరు కోసం మూడు దినాలు తిరిగి, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి చెప్పింది.

సంతల కలిసిన అన్నా, నువ్వు ఇది చదువుతవని తెలుసు. నీ కొడుకును చేరనియ్యి. చేరినంక నీ ఊరికి ఒక్క డబ్బా, ఒక్క స్కేలు పట్టుకొని రమ్మను.

మా ఇంటి ముందట నిన్ననే డబ్బా పెట్టినం. బిడ్డ వంద పేజీల నోటుబుక్కు తెచ్చి తారీకు, మిల్లీమీటర్లు, గాలి, మబ్బు అని గీతలు కొట్టి పెట్టింది. ఇప్పటిదాక అన్నీ సున్నాలే. మీల ఎవరు పెట్టినా పొద్దున ఎనిమిదిన్నర లెక్క ఊరి పేరుతోని ఈ పోస్టు కింద రాయండి. మూడు జిల్లాల లెక్కలు ఒక్క కాడ పెట్టి ఆదివారం ఆదివారం నేను పోస్టు చేస్త. మా ఊరిది అన్నిటికంటే కింద రాస్త.